కెమెరా ముందు ప్రొప్రయిటరు

“పాస్‌వర్డ్ చెప్పండి.”

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆమె ఆ మాట అడగడం అయిదోసారి. అద్దం ముందు నిలబడి కాలరు సవరించుకుంటున్న భర్తకు అయిదుసార్లూ వినపడింది. వినపడనట్టు ఉండటం ఆయనకు బాగా అలవాటైన విద్య. నిజం చెప్పాలంటే ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే.

“మిమ్మల్నే అడుగుతున్నా. వైఫై పాస్‌వర్డ్ నిన్న ఎందుకు మార్చారు?”

“నేనేం మార్చలేదు. తమ్ముడు మార్చాడు.”

“సెక్యూరిటీ వదినా,” అన్నాడు మరిది ముందుగదిలోంచి. అతనికి బస్టాండు పక్కన ఫోన్ కవర్లు అమ్మే బడ్డీ ఉంది. పైన కవరు అమ్ముతాడు కాబట్టి లోపలున్నదంతా తనకు తెలుసని అతని ధీమా. “ఈమధ్య హ్యాకర్లు ఎక్కువైపోయారు.”

“ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. నా ఒక్క ఫోన్లోనే నెట్ ఆగింది. అంటే హ్యాకర్ని నేనేనా?”

మరిది చేతిలో ఉన్న కుర్చీని ఒక జానెడు పక్కకి జరిపి, మళ్ళీ ఎక్కడున్నదాన్ని అక్కడే పెట్టాడు.

“పదకొండింటికి కాల్ ఉంది. ఇప్పుడు పదిన్నరయింది,” అన్నదామె. “ఆ కాల్ నాది.”

ఈసారి ఆయనకు వినపడింది. అద్దంలోంచే ఆమెను చూసి నవ్వాడు. చిన్నపిల్లలు పెద్దమాట మాట్లాడితే నవ్వే నవ్వు.

“నీదేంటి, నాదేంటి? మనది. లోపల పని నువ్వు చూసుకో, బయటి మాటలు నేను చూసుకుంటా. వ్యాపారమన్నాక మాట్లాడే మనిషి ఒకడుండాలి.”

“వాళ్ళు మాట్లాడే మనిషిని అడగలేదు. రఫూ చేసే మనిషిని అడిగారు.”

“నెట్లో మన పేజీ మీద ఎవరి ఫొటో ఉంది?”



పేజీ మీద ఫొటో ఆయనదే. చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, ఎవరి ఫంక్షన్‌లోనో తీయించుకున్న ఫొటో. కింద ‘ప్రొప్రయిటరు’ అని రాసి ఉంటుంది. రెండేళ్ళ కిందట మరిది ఆ పేజీ తెరిచినప్పుడు, రఫూ చేసే మనిషి పేరు అడగాలన్న ఆలోచన అన్నదమ్ములిద్దరిలో ఒక్కరికీ రాలేదు. అప్పటిదాకా వీధి చివర లాండ్రీ వాడు దయతలిచి ఇచ్చే చిరుగులే ఆమెకు పని. పేజీ పెట్టాక ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పార్సిళ్ళు రావడం మొదలయ్యాయి. ఎలకలు కొరికిన శాలువాలు, మేకుకు పట్టి చిరిగిన ప్యాంట్లు, చనిపోయిన తండ్రి తొడుక్కున్న స్వెట్టర్లు. కిటికీ పక్కన కూర్చుని, భూతద్దం పెట్టుకుని, అదే బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, ఒక్కొక్క పోగునూ పైకీ కిందికీ నేసి, చిరుగు ఉండేదన్న సంగతే తెలియకుండా చేసి పంపేది ఆమె.

“సార్, మీ చేతిలో మహిమ ఉంది,” అని జనం పేజీ మీద రాసేవాళ్ళు.

“థాంక్యూ. ముప్పై ఏళ్ళ అనుభవం,” అని ఆయన జవాబు రాసేవాడు. ఆయన వయసు నలభై నాలుగు. పేపరు గోడౌన్లో గుమాస్తా. చొక్కా గుండీ ఊడితే ఆ చొక్కానే మానేసే మనిషి. కానీ మనిషికి వంద పొగడ్తలు వచ్చాక, వాటిలో ఒక్కటీ తనది కాకపోయినా, నడక మారిపోతుంది. ఆర్నెల్లలో కార్డులు అచ్చేయించుకున్నాడు. అప్పటి నుంచి వీధిలో ఆయన పేరు ప్రొప్రయిటరే. కొందరు గౌరవంతో పిలుస్తారు, కొందరు నవ్వుకుంటూ పిలుస్తారు. తేడా ఆయనకు తెలియదు.

ఇప్పుడు కాల్ చేయబోతున్నది పదకొండు షాపులున్న పెద్ద లాండ్రీ కంపెనీ. తమ దగ్గరికొచ్చే చిరిగిన బట్టలన్నీ ప్రతివారం ఒకే మనిషికి పంపుతారట. పరీక్షకని ముందుగా ఒక బూడిదరంగు కోటు పంపారు. సిగరెట్టు కాలిన చిల్లు. ఆమె నాలుగు రోజులు దాని మీద కూర్చుంది. నచ్చితే ఏడాదికి ఒప్పందం. ఎవరు పనిచేస్తే వాళ్ళ పేరు మీదే రాసిస్తామని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. ఉత్తరం కూడా “డియర్ సర్” అనే మొదలైంది, అది వేరే సంగతి.

అంటే పదకొండింటికి ఆ కెమెరా ముందు ఎవరు కూర్చుంటే ఏడాది పని వాళ్ళది. ఈ సంగతి ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. పాస్‌వర్డ్ అందుకే మారింది.

ఆమె చేతిలోని ఫోను మరిది వాడి పారేసింది. అద్దం మూల పగిలింది, సిమ్ లేదు. ఇంట్లో ఉండే మనిషికి సిమ్ ఎందుకని అన్నదమ్ములు ఎప్పుడో తేల్చేశారు. వైఫై ఉన్నంతసేపు అది ఫోను. వైఫై తీసేస్తే పలక. పేజీని వేరే ఫోన్లో తెరవాలంటే ఆరంకెల కోడ్ కావాలి, ఆ కోడ్ ప్రొప్రయిటరు గారి ఫోన్లోని రెండో సిమ్‌కు వస్తుంది. ఆ ఆరంకెలు ఆయన చెప్తేనే ఆమెకు లోకం కనపడేది. రెండేళ్ళుగా ఆమె భోజనం వడ్డిస్తూ, బట్టలు మడతపెడుతూ, ఆయన నిద్ర లేవడానికి ఎదురుచూస్తూ ఆ అంకెలు అడుక్కుంటూనే ఉంది.

“కోటు ఇటివ్వు,” అన్నాడాయన.

ఇచ్చింది.

“చిల్లు ఎక్కడుండేదో చూపించనా?”

“నా పని నాకు చెప్తావా?” అన్నాడు ప్రొప్రయిటరు.

 ఆమె లోపలికెళ్ళి కిటికీ పక్క తన స్టూలు మీద కూర్చుంది. ఆమెకు నిజంగా నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వొస్తే ఆడదానికి ఎంత విసుగెత్తిపోయిందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

*

ముందుగదిని మరిది స్టూడియో చేసేశాడు. చెమ్మ పట్టిన గోడ కనపడకుండా దుప్పటి కట్టాడు. బల్ల మీద రెండు బిస్కెట్ డబ్బాలు పేర్చి, పైన అన్న ఫోను నిలబెట్టాడు. పక్క కుర్చీలో అత్తగారు మోకాలికి మందు రాసుకుంటూ కూర్చుంది. “నువ్వు లోపలికెళ్ళమ్మా,” అని కొడుకులిద్దరూ అడిగారు. “నా కుర్చీ ఇది,” అన్నదావిడ. కొడుకులే పక్కకి సర్దుకున్నారు.

సరిగ్గా పదకొండింటికి ఫోను మోగింది.

తెర మీద ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. జుట్టు కురచగా కత్తిరించుకుంది, కళ్ళజోడు తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంది. వెనకాల ప్లాస్టిక్ కవర్లలో బట్టలు వరసగా వేలాడుతున్నాయి.

“మేనేజర్ని. రఫూ మీరే చేస్తారా?”

“ముప్పై ఏళ్ళుగా, మేడమ్.”

“కోటు ఫొటోలు ముందే పంపించారు, చూశాను. పని బాగుంది. రెండు మూడు ప్రశ్నలడుగుతాను. పోగు ఎక్కడి నుంచి తీసుకున్నారు?”

“ది బెస్ట్ క్వాలిటీ, మేడమ్. హోల్‌సేల్ మార్కెట్ నుంచి. నేనే స్వయంగా వెళ్ళి తెస్తాను.”

లోపల స్టూలు మీద ఆమె కళ్ళు మూసుకుంది. కొత్త పోగు వేస్తే వారంలో రంగు తేలి కోటు మీద బొట్టు పెట్టినట్టు కనపడుతుంది. పదకొండేళ్ళుగా తన కళ్ళ ముందే పెళ్ళాం బట్ట లోపలి కుట్టు విప్పి పోగులు లాగుతోంది. ఆ మహానుభావుడు ఒక్కరోజు తలెత్తి చూస్తే కదా.

మేనేజరు ఏదో కాగితం మీద రాసుకుంది.

“మార్కెట్ నుంచా?”

“అవును మేడమ్.”

“సరే. కోటు పక్కనే ఉందా? కాలిన చోటు ఎక్కడో వేలుపెట్టి చూపించండి.”

ప్రొప్రయిటరు కోటు చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుతురుకు పట్టి చూశాడు. ఆమె చేసిన పని కంటికి దొరికే పని కాదు. దొరికితే అది రఫూ కాదు. ఆ మాట మాత్రం ఆయన పేజీ మీద పెద్ద అక్షరాల్లో రాసుకున్నాడు.

మరిది కెమెరా వెనక నిలబడి సైగలు మొదలుపెట్టాడు. తన గుండెల మీద తట్టి చూపించాడు. అన్నయ్యకు ధైర్యం చెప్పాడో, చోటు చెప్పాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ప్రొప్రయిటరు దాన్ని చోటుగానే తీసుకున్నాడు. ఎడమ జేబు మీద వేలు పెట్టాడు.

“ఇదిగో మేడమ్, ఇక్కడ. చాలా కష్టపడాల్సొచ్చింది.”

మేనేజరు కళ్ళజోడు పెట్టుకుంది. తీసింది.

“జేబా?”

“జేబేనండీ.”

“కుడిచేతి మోచేతి దగ్గర. కాల్చింది నేనే. పరీక్ష కోసం.”

 అత్తగారు మందు డబ్బా మూత టక్కున పెట్టింది.

ఇంకొకడైతే అక్కడితో సిగ్గుపడేవాడు. ప్రొప్రయిటరుకు సిగ్గు అనేది ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది, వచ్చినా మరొకరి మీద వాలుతుంది.

“అదే మేడమ్, రోజూ ఇన్ని కోట్లు చేతుల మీదుగా వెళ్తుంటాయి కదా, కొంచెం కన్‌ఫ్యూజ్ అయ్యాను. ఇప్పుడే మా హెల్పర్ని పిలుస్తాను, లైవ్‌గా చేసి చూపిస్తుంది.”

హెల్పర్.

కిటికీ దగ్గర ఆమె చేతిలోని సూది కిందపడలేదు, మొహం ఎర్రబడలేదు, పుస్తకాల్లో రాసినట్టు ఏమీ కాలేదు. పదహారేళ్ళ కాపురంలో ఆమెకు ‘ఇదిగో’ అనీ ‘ఏమే’ అనీ పేర్లున్నాయి. కొత్తది ఇంకోటి వచ్చిందనుకుంది. సూదీ, భూతద్దం, కత్తెర తీసుకుని ముందుగదిలోకి వచ్చింది.

“చేతులు మాత్రం కనపడాలి,” అని ఆయన పళ్ళ మధ్య నుంచి గొణిగాడు. “మొహం వద్దు. పక్కనుంచి పెట్టు.”

పక్కనుంచే పెట్టింది. కోటు అంచు లోపలి మడత విప్పి రెండు పోగులు లాగింది. మేనేజరు అడిగిన చోట కత్తెరతో చిన్న గాటు పెట్టి, దాన్ని అక్కడికక్కడే కలపడం మొదలుపెట్టింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోను తెర మీద ప్రొప్రయిటరు గారి చిరునవ్వు, ఆ చిరునవ్వు కింద ఎవరివో తెలియని రెండు చేతులు.

ఎనిమిది నిమిషాలు పట్టింది. మేనేజరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని చూసింది.

“ఎవరివా చేతులు?”

“మా వర్కరు, మేడమ్.”

“నెలకి జీతమెంతిస్తున్నారు?”

 “అంటే... ఫ్యామిలీ మెంబరే...”

“భార్యా?”

“అవునండీ.”

“భార్య అని చెప్పడానికి ఇంతసేపు పట్టిందేం?” అన్నదావిడ. తర్వాత గొంతు మార్చింది. “ఏమ్మా, మొహం చూపిస్తారా?”

ఆమె వంగింది. తెర మీద ఆమె మొహం, దాని పక్కన ఆయన చెవి.

“పోగు ఎక్కడిది?”

“కోటుదే మేడమ్. లోపలి మడతలోది. బయటి పోగు కలవదు.”

“ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?”

“పదకొండేళ్ళు.”

“నాకు ముప్పై చెప్పారు.”

“మిగతా పంతొమ్మిదీ ఆయన అద్దం ముందు గడిపినవేమో.”

అత్తగారు దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ అర్థమైంది.

“మాకు పనిచేసే చేతితోనే ఒప్పందం,” అన్నది మేనేజరు. “మీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేస్తాను. మీ ఫోన్ నంబరు చెప్పండి, కోడ్ పంపిస్తాను. ఆ నంబరు మీ పేరు మీద ఉన్నదే కావాలి. లేకపోతే మా సిస్టమ్ ఒప్పుకోదు.”

“నా నంబరు రాసుకోండి మేడమ్,” అన్నాడు ప్రొప్రయిటరు వెంటనే. “అన్నిటికీ అదే ఇస్తాం.”

“ఇప్పుడు మాట్లాడుతున్న నంబరు నా దగ్గరుంది. నేను ఆవిడది అడిగాను.”

 ఆమె చిల్లు ఎక్కడుండేదో చెప్పగలదు, పోగు ఎక్కడిదో చెప్పగలదు. పది అంకెలు మాత్రం చెప్పలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషికి ఒక నంబరు లేదు.

“లేదా?” అన్నది మేనేజరు. ఆవిడ గొంతులో జాలి లేదు. ఇలాంటివి రోజూ చూసే మనిషి గొంతు. “సాయంత్రం అయిదింటికి సిస్టమ్ మూసేస్తారు. ఈలోపల మీ పేరు మీదున్న నంబరు నుంచి ఫోన్ చేయండి. లేకపోతే లిస్టులో తర్వాతివాళ్ళు ఉన్నారు.”

తెర నల్లబడింది.

*

“చూశావా, నోటిదాకా వచ్చింది పాడుచేశావు!” అన్నాడు ప్రొప్రయిటరు. తప్పు దొరకనప్పుడు గొంతు పెంచితే తప్పు ఎదుటివాళ్ళదవుతుందని ఆయన సిద్ధాంతం. “మొహం చూపించమంటే చూపించేయడమేనా? నేను మాట్లాడుతున్నాను కదా!”

“జేబు చూపించింది నేనా?”

“వాడు సైగ చేశాడు!”

“నేను ధైర్యం చెప్పానన్నయ్యా,” అన్నాడు మరిది. “నువ్వు జేబనుకున్నావు.”

“ఛీ, నోర్ముయ్యండి ఇద్దరూ,” అన్నది అత్తగారు.

ఆమె కోటు మడతపెట్టింది. “నా ఐడీ కార్డు ఇవ్వండి. సిమ్ తెచ్చుకుంటాను.”

“ఎందుకు? నేను సాయంత్రం ఫోన్ చేసి మాట్లాడతాను. భర్తగా నాకు ఆ మాత్రం హక్కు లేదా? నువ్వూ నేనూ ఒకటి కాదా?”

“ఒకటైతే పాస్‌వర్డ్ చెప్పండి.”

ఆయన మంచం మీద వాలి ఫోను తీశాడు.

“కార్డు ఇవ్వండి.”

“బీరువాలో ఎక్కడో ఉంది. ఇప్పుడు నేను వెతకలేను.”

గోడౌనుకు సెలవు పెట్టిన మనిషి, మంచం మీద పడుకుని ఫోను చూస్తున్న మనిషి, ఆయన వెతకలేడు. ఆమె అడగడం మానేసింది. నిలబడింది. భోజనాల వేళ వడ్డించి, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడింది. ఆయన పక్కకి తిరిగి పడుకున్నాడు. మూడు గంటలు కొట్టింది.

అప్పుడు అత్తగారు మోకాలు పట్టుకుని లేచింది. బీరువా తాళం ఎప్పుడూ ఆవిడ నడుముకే ఉంటుంది. తలుపు తీసి, కొడుకు చొక్కాలన్నీ మంచం మీదికి విసిరి, అట్టడుగు నుంచి కార్డు లాగింది.

“ఏంటమ్మా నువ్వు కూడా!” అంటూ ఆయన లేచాడు.

“నువ్వు పడుకోరా. పదకొండు షాపుల ఆవిడ ముందు జేబు చూపించొచ్చావు, అలసిపోయుంటావు.” కార్డు కోడలి చేతిలో పెట్టింది. “నీ మీద ప్రేమతో ఇస్తున్నాననుకోకు అమ్మాయ్. నా మోకాలి మందులు నీ సూదితో వస్తున్నాయి. వీడి కార్డులతో కాదు. వెళ్ళు, అయిదుకి ఇంకా టైముంది.”

పదహారేళ్ళలో అత్తగారు ఆమెతో మాట్లాడిన అతి మంచి మాట అదే. ఆమె చెప్పులేసుకుంది.

*

సిమ్ కంపెనీ షాపు గోడ నిండా నవ్వుతున్న ఆడవాళ్ళ బొమ్మలు. ఒకామె పొలంలో ఫోను పట్టుకుని నవ్వుతోంది, ఒకామె కుట్టుమిషను దగ్గర నవ్వుతోంది. ‘ప్రతి మహిళ చేతిలో ప్రపంచం’ అని కింద రాసి ఉంది. బొమ్మల కింద కౌంటరు దగ్గర క్యూలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే.

ఆమె వంతు వచ్చేసరికి నాలుగు కావస్తోంది. కౌంటరావిడ లావుగా, విసుగ్గా ఉంది. జుట్టు ముడిలో పెన్ను దోపుకుంది.

“కొత్త కనెక్షనా? కార్డు ఇవ్వండి. వేలు పెట్టండి.”

యంత్రం మీద చూపుడువేలు పెట్టింది. ఎర్రలైటు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రలైటు.

“మీ వేలికి గీతలే లేవేంటి? ఏం పని చేస్తారు?”

“సూది పని.”

“అరిగిపోయాయి. చిటికెన వేలు పెట్టండి, దాంతో ఎవరూ పని చేయరు.”

పచ్చలైటు వెలిగింది. కౌంటరావిడ తెర వైపు చూసి కనుబొమలెత్తింది.

“మీకు ఆల్రెడీ కనెక్షన్ ఉంది కదమ్మా.”

“లేదండీ. నాకెప్పుడూ సిమ్ లేదు.”

“నాలుగేళ్ళ కిందట తీసుకున్నారు. మహిళా ఆఫర్‌లో. ఏడాది నెట్ ఫ్రీ. ఇదిగో మీ ఫొటో.”

తెర ఇటు తిప్పింది. ఫొటోలో ఆమే. వెనక తమ ఇంటి గోడ, అదే చెమ్మ. ఒకరోజు మధ్యాహ్నం ఆయన వంటింట్లోంచి పిలిచి గోడకు నిలబెట్టి, “ఒకసారి కళ్ళార్పు, గ్యాసు వాళ్ళు అడుగుతున్నారు,” అన్నాడు. చేతికి తడి ఉందని తుడుచుకుని మరీ నిలబడింది. గ్యాసు కోసం కళ్ళెందుకు ఆర్పాలో అడగాలని తోచలేదు.

“మీ వీధిలో అంతా అలాగే తీసుకున్నారు,” అన్నది కౌంటరావిడ, పెన్నుతో తల గోక్కుంటూ. “భార్యల కార్డులు పట్టుకుని మగాళ్ళు బారులు తీరారు. కంపెనీకి బహుమతి కూడా వచ్చింది, ఇంతమంది ఆడవాళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చామని. ఈ వారంలో మీరు మూడో మనిషి, నాకెప్పుడూ సిమ్ లేదని చెప్పడం.”

“నంబరు ఎంతండీ?”

కౌంటరావిడ చదివింది. మొదటి నాలుగంకెలకే ఆమెకు అర్థమైపోయింది. మిగతా ఆరూ ఆవిడతో పాటు తనూ పలికింది. రెండేళ్ళుగా ప్రతి పార్సిలు మీదా తన చేత్తో రాస్తున్న నంబరు అది. పేజీ మీద ఉన్న నంబరు. కోడ్‌లు వచ్చే నంబరు. పొద్దున మేనేజరు తన దగ్గరుందన్న నంబరు.

భోజనం వడ్డిస్తూ అడుక్కున్న ఆరంకెలూ ఆమె పేరు మీదే వచ్చాయి. తన ఇంట్లో తన తలుపు తీయమని రెండేళ్ళు పక్కవాణ్ణి బతిమాలినట్టయింది.  ఆయన మీద కన్నా తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది. కళ్ళార్పమంటే ఆర్పింది కదా, ఎందుకని ఒక్కమాట అడగలేదు కదా.

“కొత్త నంబరు ఇవ్వమంటారా?” అన్నది కౌంటరావిడ. “లేకపోతే ఇదే కావాలంటే డూప్లికేట్ సిమ్ ఇస్తాను. పాత సిమ్ ఆగిపోతుంది.”

“ఇదే ఇవ్వండి.”

“పాతది ఎవరి దగ్గరుందో వాళ్ళకి ముందు చెప్పుకుంటారా? తర్వాత నా మీదికొచ్చి అరుస్తారు మగాళ్ళు.”

“అరవనివ్వండి.”

కౌంటరావిడ మొదటిసారి ఆమె మొహం సరిగ్గా చూసింది. ఫారం ముందుకు తోసింది. “కారణం టిక్ పెట్టాలి. పోయిందా, పాడైందా, దొంగిలించారా?”

ఆమె మూడోదాని పక్కన టిక్ పెట్టింది. సంతకం పొడుగ్గా, పూర్తిగా చేసింది.

ఆ సమయానికి ఇంట్లో ప్రొప్రయిటరు గారు తల దువ్వుకుని, గొంతు సవరించుకుని, రెండో సిమ్ నుంచి లాండ్రీ కంపెనీకి ఫోన్ కలిపాడు. “మేడమ్, మా ఆవిడకి ఈ విషయాలు తెలియవు, ఆవిడ తరఫున నేనే...” అంటుండగా మాట తెగిపోయింది. ఫోనును చెవి నుంచి తీసి చూశాడు. విదిలించాడు. ఫోను మొరాయిస్తే ఎప్పుడూ చేసే పని చేశాడు.

“ఏమే!”

వంటిల్లు పలకలేదు. అత్తగారు టీవీ చప్పుడు కాస్త పెంచింది.

షాపులో గడియారం అయిదుకు పదకొండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పగిలిన ఫోన్లో సిమ్ వేసి బల్ల మీద పెట్టుకుని ఆమె కూర్చుంది. తెర పైన ఒక గీత వెలిగింది, తర్వాత రెండు, మూడు. ఉత్తరంలో ఉన్న మేనేజరు నంబరు నొక్కబోతుండగా ఫోనే మోగింది. ఆ ఫోను ఆమె చేతికొచ్చాక దానికి వచ్చిన మొదటి కాల్ అది. తెర మీది అంకెలు గుర్తుపట్టింది. భర్త మొదటి సిమ్ నంబరు. చచ్చిపోయిన రెండో నంబరు మోగుతుందేమో చూద్దామని ఆయన తనకు తానే ఫోన్ చేసుకుంటున్నాడు.

రెండుసార్లు మోగనిచ్చింది. ఎత్తింది.

“హలో, రఫూ పని,” అన్నది. “ఎవరండీ మాట్లాడేది?”

అవతల ఊపిరి వినపడుతోంది. ఫ్యాను చప్పుడు కూడా. ప్రొప్రయిటరు గారికి తానెవరో చెప్పుకోవడానికి మాట దొరకలేదు.

“త్వరగా చెప్పండి,” అన్నదామె. “అయిదులోపల నాకు వేరే కాల్ ఉంది.”